ఇంటి అప్పు, మారే వడ్డీ: పెరిగిన భారం ఎక్కడ దాక్కుంటుంది?



ఈ పాఠానికి ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కాలిక్యులేటర్ ఉంటే ఇంకా మంచిది. ఈ రోజు చేయబోయే లెక్కల్లో కష్టమైనవేవీ లేవు. హైస్కూల్లో నేర్చుకున్న వడ్డీ లెక్కలు వస్తే చాలు. అయితే ఈ లెక్కలు పరీక్ష కోసం కాదు. మీలో చాలామంది ఇళ్లల్లో, లేదా మీ బంధువుల ఇళ్లల్లో, బ్యాంకు అప్పుతో కట్టిన ఇల్లో కొన్న ఫ్లాటో ఉండి ఉంటుంది. ఆ అప్పు మీద వడ్డీ పెరిగినప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవడమే ఈనాటి విషయం.

ముందుగా ఒక ప్రశ్న. బ్యాంకు వడ్డీ పెంచిందని పత్రికల్లో చదివారు. మీ ఇంట్లో కట్టే నెలసరి వాయిదా మాత్రం ఒక్క రూపాయి కూడా పెరగలేదు. మరి మీ ఇంటిమీద భారం పడినట్టా, పడనట్టా? "వాయిదా పెరగలేదు కదా, మనకేం కాలేదు" అని చాలామంది పెద్దలే అనుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో కాగితం మీద తేల్చుకుందాం.

ఇంటి అప్పులో వడ్డీ రెండు రకాలు. అప్పు తీరేదాకా, లేదా ఒప్పందంలో రాసుకున్న కొన్నేళ్లపాటు, మారకుండా ఉండేది స్థిర వడ్డీ. మార్కెట్‌ను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉండేది మారే వడ్డీ. బ్యాంకుల్లో దీన్నే ఫ్లోటింగ్ రేటు అంటారు. స్థిర వడ్డీలో రేట్లు పెరిగితే నష్టం బ్యాంకుది. ఆ నష్టభయానికి ధర కట్టి బ్యాంకు మొదటే కాస్త ఎక్కువ వడ్డీ అడుగుతుంది. మారే వడ్డీలో ఆ నష్టభయం అప్పు తీసుకున్నవారిది. మొదట్లో తక్కువగా కనిపిస్తుంది కాబట్టి మన దేశంలో ఇంటి అప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే.

ఈ రేటును ఎవరు మారుస్తారు? 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ ఇంటి అప్పులను తమ చేతిలో లేని ఒక బయటి కొలమానానికి ముడిపెట్టాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. చాలా బ్యాంకులు అందుకు ఎంచుకున్నది రెపో రేటు. బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర కొద్ది రోజులకు అప్పు తెచ్చుకుంటే కట్టే వడ్డీయే రెపో రేటు. దీనిమీద బ్యాంకు తన ఖర్చులు, నష్టభయం, లాభం లెక్కగట్టి కొంత శాతం కలుపుతుంది. దాన్ని స్ప్రెడ్ అంటారు. రెపో 4 శాతం, స్ప్రెడ్ 3 శాతం అయితే మీరు కట్టేది 7 శాతం. రెపో మారితే కనీసం మూడు నెలలకొకసారి మీ వడ్డీని కూడా తిరిగి నిర్ణయించాలి. 2019కి ముందు తీసుకున్న అప్పులు వేరే పద్ధతుల్లో ఉండవచ్చు. వాటిలో ఈ మార్పు కాస్త ఆలస్యంగా అందుతుంది, తగ్గినప్పుడు మరీ ఆలస్యంగా!

ఇక రెపో రేటు ఎందుకు మారుతుంది? ధరల కోసం. 2016లో రిజర్వు బ్యాంకు చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ ఈ రేటును నిర్ణయిస్తుంది. వినియోగదారుల ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం తేడాలో నిలపడం దాని బాధ్యత. కరోనా కాలంలో, 2020 మే నెలలో, రెపోను 4 శాతానికి దించారు. రెండేళ్లపాటు అది అక్కడే ఉంది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలుపెట్టాక నూనెలు, ఇంధనం, గోధుమల ధరలు ఎగిశాయి. ఆ ఏప్రిల్‌లో మన దేశంలో ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. మే 4న కమిటీ మామూలు సమావేశాల తేదీల్లో కాకుండా ప్రత్యేకంగా కూర్చుని రెపోను 4.4 శాతం చేసింది. తర్వాత జూన్, ఆగస్టు, సెప్టెంబరు, డిసెంబరు, 2023 ఫిబ్రవరి - ఇలా ఆరు విడతల్లో అది 6.5 శాతానికి వెళ్లింది. పది నెలలు తిరక్కుండానే రెండున్నర శాతం పెరుగుదల. పొరుగునే ఉన్న శ్రీలంకలో అయితే అదే 2022 ఏప్రిల్‌లో కేంద్ర బ్యాంకు ఒక్కరోజే 7 శాతం పెంచింది. వాళ్లతో పోలిస్తే మనది మెల్లని ఎక్కుడే. అయినా నెల జీతంతో బతికే ఇంటికి అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు కాగితం మీదికి వద్దాం. ఒక ఉపాధ్యాయిని ఉన్నారనుకోండి. వయసు 40. 2022 మొదట్లో 20 లక్షల రూపాయల ఇంటి అప్పు తీసుకున్నారు. వడ్డీ 7 శాతం, గడువు 20 ఏళ్లు, అంటే 240 నెలలు. సమాన నెలసరి వాయిదా, మనం ఈఎంఐ అంటామే, అది 15,506 రూపాయలు.

మొదటి నెల వడ్డీ ఎంత? 20 లక్షలలో 7 శాతం 1,40,000. దాన్ని 12తో భాగిస్తే 11,667. ఆమె కట్టిన 15,506లో ఇది పోగా మిగిలిన 3,839 మాత్రమే అసలులో తగ్గుతుంది. రెండో నెల అప్పు 19,96,161. దాని మీద వడ్డీ 11,644, అసలుకు 3,862. ఇలా వడ్డీ మెల్లగా తగ్గుతూ, అసలుకు చేరేది మెల్లగా పెరుగుతూ పోతుంది. "మెల్లగా" అన్న మాటను గమనించండి. వడ్డీ ఏమీ మారకపోయినా అయిదేళ్లలో ఆమె కట్టేది దాదాపు 9 లక్షల 30 వేలు, అసలులో తగ్గేది సుమారు 2 లక్షల 75 వేలు. మిగతాదంతా వడ్డీయే. ఇందులో మోసమేమీ లేదు. పెద్ద అప్పు మీద వడ్డీ పెద్దదిగా ఉంటుంది, అంతే. కానీ తొలి ఏళ్లలో అసలుకు చేరే భాగం ఇంత సన్నగా ఉంటుందని తెలిస్తేనే తర్వాతి లెక్క అర్థమవుతుంది.

లెక్క తేలిక కోసం అప్పు తీసుకున్న వెంటనే వడ్డీ పెరిగిందనుకుందాం. బ్యాంకు ముందు రెండు దారులు. ఒకటి, గడువు 240 నెలలే ఉంచి వాయిదా పెంచడం. రెండు, వాయిదా అలాగే ఉంచి గడువు పొడిగించడం. చాలాసార్లు బ్యాంకులు రెండో దారి పట్టాయి. అప్పు తీసుకున్నవారికి జేబులో తేడా కనిపించదు, బ్యాంకుకు చెక్కులు వెనక్కి తిరగవు. ఇద్దరికీ ఆ నెల ప్రశాంతంగా గడుస్తుంది.

వాయిదా అదే 15,506. వడ్డీ 8 శాతం అయితే మొదటి నెల వడ్డీ 13,333. అసలుకు చేరేది 2,173. అప్పు తీరడానికి 296 నెలలు పడుతుంది. దాదాపు అయిదేళ్లు ఎక్కువ.

వడ్డీ 8.5 అయితే అసలుకు చేరేది 1,339. గడువు 347 నెలలు. 20 ఏళ్ల అప్పు 29 ఏళ్లకు వెళ్లింది.

వడ్డీ 9 అయితే అసలుకు చేరేది 506 రూపాయలు. గడువు 458 నెలలు, అంటే 38 ఏళ్ల పైమాట. నలభై ఏళ్ల ఉపాధ్యాయినికి అప్పు తీరేసరికి 78 ఏళ్లు వస్తాయి. తెలంగాణలో ప్రభుత్వోద్యోగి 61 ఏళ్లకు, ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు పదవీ విరమణ చేస్తారు. ఆ తర్వాత వాయిదా ఎక్కడినుంచి కట్టాలి?

వడ్డీ 9.5 అయితే? ఒక నెల వడ్డీయే 15,833. ఆమె కట్టేది 15,506. వడ్డీకే 327 రూపాయలు తక్కువ. ఆ 327 అసలులో కలిస్తే, నెలనెలా క్రమం తప్పకుండా కడుతున్నా అప్పు పెరుగుతూనే ఉంటుంది. ఎన్ని నెలలకు తీరుతుందని అడిగితే కాలిక్యులేటర్ జవాబు ఇవ్వదు. ఎన్నటికీ తీరదు కాబట్టి. రెపో 4 నుంచి 6.5కు చేరినప్పుడు, స్ప్రెడ్ 3 ఉన్న అప్పు చేరుకున్నది సరిగ్గా ఈ 9.5 శాతానికే.

మరొక్కసారి చూడండి. మొదటి ఒక శాతానికి 56 నెలలు పెరిగాయి. తర్వాతి అర శాతానికి 51 నెలలు. ఆ పై అర శాతానికి 111 నెలలు. ప్రతి మెట్టు కిందటి మెట్టు కంటే ఎత్తు. కనిపించని చోట పెరిగే భారం ఇలా ఉంటుంది.

అదే మొదటి దారి పట్టి వాయిదాను పెంచుకుంటే? 9.5 శాతానికి 240 నెలల్లో తీరాలంటే వాయిదా 18,643. నెలకు 3,137 ఎక్కువ. వడ్డీ పెరిగింది "రెండున్నరే" గానీ వాయిదా పెరిగింది ఇరవై శాతం! అంత ఒక్కసారి భరించలేని ఇళ్లు ఎన్నో. వాళ్లను గడువు పొడిగించుకోవద్దని నేను చెప్పను. పిల్లల ఫీజు ఆపి, ఇంటివారి ఆరోగ్య బీమా మానేసి వాయిదా పెంచుకోవడం తెలివైన పని కాదు. నేను చెప్పేది, ఈ రెండు దారుల మధ్య మూడోది ఒకటుందని. 8.5 శాతం దగ్గర దాన్ని లెక్క కడదాం. వాయిదా కదపకపోతే 347 నెలలు. గడువు కదపకపోతే వాయిదా 17,356. ఈ రెండూ కాకుండా ఆమె నెలకు సుమారు వెయ్యి రూపాయలు మాత్రం పెంచి 16,500 కడతానన్నారనుకోండి. గడువు 277 నెలలకు దిగుతుంది. వెయ్యి రూపాయలతో 70 నెలలు! అసలుకు 1,339 మాత్రమే చేరుతున్నచోట ఇంకో వెయ్యి కలిస్తే అది పెద్ద వాటా కదా. వాయిదా మొత్తంతో పోలిస్తే వెయ్యి చిన్నది, అసలుకు చేరే భాగంతో పోలిస్తే పెద్దది. ఈ పాఠంలో మీరు ఒక్క లెక్కే గుర్తుంచుకోదలిస్తే ఇది గుర్తుంచుకోండి.

ఇలా అడిగే హక్కు ఉందా అంటే, ఉంది. అప్పు తీసుకున్నవారికి సరిగా చెప్పకుండా, వారి సమ్మతి లేకుండా గడువులు విపరీతంగా పొడిగిస్తున్నారని గమనించి, రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఉత్తర్వులు ఇచ్చింది. వాటి ప్రకారం వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంత పెంచుకోవాలా అన్నది ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలి. గడువు పొడిగింపు వల్ల, ఇందాక చూసిన 327 రూపాయల పరిస్థితి, అంటే వాయిదా వడ్డీకి కూడా చాలని స్థితి, రాకూడదు. ప్రతి మూడు నెలలకు ఒక వివరపత్రం అందాలి. అందులో ఇప్పటివరకు వసూలైన అసలు, వడ్డీ, ప్రస్తుత వాయిదా, మిగిలిన వాయిదాల సంఖ్య, వడ్డీరేటు ఉండాలి. స్థిర వడ్డీకి మారే వీలు కూడా ఆ ఉత్తర్వుల్లో ఉంది గానీ, 2025 అక్టోబరు నుంచి ఆ వీలు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకుల ఇష్టానికి వదిలారు. కాబట్టి అది అడిగి తెలుసుకోవలసిందే.

మీరు చేయగల పని ఒకటుంది. ఆ వివరపత్రం చాలా ఇళ్లల్లో ఎవరూ తెరవని ఈమెయిల్‌లోనో బ్యాంకు యాప్‌లోనో ఉంటుంది. అమ్మానాన్నలతో కూర్చుని దాన్ని తెరవండి. ముందు చూడవలసింది వాయిదా మొత్తం కాదు, మిగిలిన వాయిదాల సంఖ్య. కిందటి ఏడాది పత్రంతో పోల్చండి. పన్నెండు తగ్గాలి. తగ్గకపోతే, అంతకంటే పెరిగి ఉంటే, భారం ఎక్కడ దాక్కుందో మీకు దొరికినట్టే.

ఇక ముందుగానే కొంత అసలు తీర్చడం సంగతి. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి అప్పులో డబ్బు ముందే కడితే బ్యాంకు జరిమానా వేయకూడదు. 2012 నుంచే బ్యాంకులకు ఈ నిబంధన ఉంది. 9.5 శాతం, 18,643 వాయిదా ఉన్న అప్పులో మొదటి ఏడాది చివర ఒక లక్ష కట్టామనుకోండి. పాడుకున్న చిట్టీ డబ్బో, బోనసో, పంట డబ్బో ఏదైనా కావచ్చు. మిగిలిన 228 నెలలు 199కి తగ్గుతాయి. 29 వాయిదాలు, అంటే దాదాపు 5 లక్షల 40 వేల రూపాయలు కట్టనక్కర్లేదు. ఇవాళ్టి లక్షను పదహారేళ్ల తర్వాతి లక్షలతో నేరుగా పోల్చకూడదని కామర్స్ విద్యార్థులు అంటారు. నిజమే. అయినా ఏటా 9.5 శాతం వడ్డీ తప్పించుకోవడం అంటే, ఏ నష్టభయం లేకుండా 9.5 శాతం సంపాదించడంతో సమానం. అలాంటి డిపాజిట్ దొరకడం కష్టం. అదే లక్షను పదిహేనో ఏట కడితే ఇంత లాభం రాదు. అప్పటికి అసలే తగ్గిపోయి ఉంటుంది.

ఆదాయపన్ను మినహాయింపు పోతుందని అప్పును అలాగే ఉంచుకునేవారున్నారు. పాత పన్ను విధానంలో ఇంటి అప్పు వడ్డీకి మినహాయింపు ఉన్న మాట వాస్తవం. కానీ 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి కూడా వంద రూపాయల వడ్డీ కడితే తిరిగి వచ్చేది ముప్ఫై చిల్లర. ముప్ఫై కోసం వంద ఖర్చుపెట్టడం ఏ లెక్కల మాస్టారూ ఒప్పుకోరు. అయితే చేతిలో ఉన్న చివరి రూపాయి దాకా అప్పుకే కట్టేయకండి. మూడు నాలుగు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు విడిగా ఉండాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే బ్యాంకుకు కట్టిన లక్షను అంత తేలిగ్గా వెనక్కి అడగలేం.

రెపో అందరికీ ఒకటే గానీ స్ప్రెడ్ అందరికీ ఒకటి కాదు. కొత్తగా వచ్చే ఖాతాదారులను ఆకట్టుకోవడానికి బ్యాంకులు తక్కువ స్ప్రెడ్‌తో అప్పులు ఇస్తుంటాయి. పాతవారు పాత స్ప్రెడ్‌లోనే ఉండిపోతారు. కాబట్టి అదే బ్యాంకు కొత్తవారికి ఎంతకు ఇస్తోందో చూసి, తేడా ఉంటే తగ్గించమని రాతపూర్వకంగా అడగాలి. కొంత రుసుం తీసుకుని తగ్గించేవారున్నారు. ఒప్పుకోకపోతే అప్పును వేరే బ్యాంకుకు మార్చుకోవచ్చు. ప్రాసెసింగ్ ఫీజు, ఆస్తి విలువ కట్టించే ఖర్చు, లాయర్ ఫీజు, తాకట్టు పత్రాల స్టాంపు ఖర్చు అన్నీ కలిపి లెక్క చూసుకోవాలి. గడువు చాలా మిగిలి ఉన్నప్పుడే ఇది గిట్టుబాటు. చివరి నాలుగైదేళ్లలో శ్రమ దండగ.

వాయిదా నిజంగానే కట్టలేని రోజు వస్తే? క్రెడిట్ కార్డుతోనో, ఫోన్‌లో నిమిషాల్లో ఇచ్చే యాప్ అప్పుతోనో ఇంటి వాయిదా కట్టడం మంటను నూనెతో ఆర్పినట్టు. తొమ్మిది శాతం అప్పును తీర్చడానికి ముప్ఫై, నలభై శాతం అప్పు చేయడమది. వాయిదా తప్పకముందే బ్యాంకు మేనేజరును కలిసి పరిస్థితి చెప్పాలి, జీతం ఆగిన కాగితాలో ఆస్పత్రి బిల్లులో చూపాలి. గడువు పొడిగింపు అసలైన ఉపయోగం ఇలాంటప్పుడే. బాకీ 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. అప్పుడు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు తీర్పు అవసరం లేకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెట్టగలదు. సిగ్గుపడి నోటీసును బీరువాలో దాచిపెట్టడం వల్ల ఆ 60 రోజులూ వృథా అవుతాయి. మీ ఇంట్లో అలాంటి కాగితం కనిపిస్తే చదవండి, చదివించండి. బ్యాంకు తీరుపై ఫిర్యాదు ఉంటే ముందు బ్యాంకుకే రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయవచ్చు.

రేట్లు దిగినప్పటి సంగతి కూడా చూడాలి. 2025 ఫిబ్రవరి, జూన్ నెలల మధ్య రెపో 6.5 నుంచి 5.5 శాతానికి తగ్గింది. మన ఉపాధ్యాయిని లెక్కలో 9.5 కాస్తా 8.5 అవుతుంది. వాయిదాను 18,643 నుంచి 17,356కు తగ్గించుకోవచ్చు. ఇంట్లో ఇబ్బందిగా ఉంటే ఆ పని చేయాల్సిందే. ఇబ్బంది లేకపోతే, అప్పటికి అలవాటైపోయిన 18,643నే కడుతూ ఉంటే 240 నెలల అప్పు 202 నెలల్లో తీరుతుంది. మూడేళ్లకు పైగా ముందే. ఎక్కేటప్పుడు తెలియకుండా పెరిగిన ఏళ్లను దిగేటప్పుడు తెలిసి తగ్గించుకునే వీలు ఇది.

పాఠం ముగించే ముందు మీకొక లెక్క. పది లక్షల అప్పు, నెలకు 9,000 వాయిదా, వడ్డీ 9 శాతం. మొదటి నెలలో అసలుకు చేరేది ఎంత? వడ్డీ ఏ శాతానికి చేరితే ఆ 9,000 వడ్డీకి మాత్రమే సరిపోయి అసలుకు ఒక్క రూపాయి కూడా మిగలదు? సూత్రాలేవీ అక్కర్లేదు, ఒక గుణకారం, ఒక భాగహారం చాలు. జవాబు రాశాక, అదే లెక్కను మీ ఇంటి అప్పుకు వేసి చూడండి.